పలక వెనుక ధూళి

పంచభూతాలలో భూమికి, నీటికి, నిప్పుకు రూపం ఉంది. వాయువుకు రూపం లేదు. స్పర్శ వల్లనే అది తెలుస్తుందని ప్రాచీన తార్కికులు చెప్పారు. కంటికి కనబడనిదాని విలువ మనిషికి త్వరగా తట్టదు. అన్నం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు బతకగలిగే మనిషి, గాలి లేకుండా కొద్ది నిమిషాలైనా బతకలేడు. అయినా అన్నాన్ని పూజించినట్లు, నీటిని దాచుకొన్నట్లు గాలిని కాపాడుకోవాలన్న ఆలోచన అతనికి ఆలస్యంగానే కలిగింది.

వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో వాయుదేవుని అలకను గురించిన కథ ఉంది. బాల హనుమంతుడు ఉదయిస్తున్న సూర్యుని పండుగా భ్రమించి ఆకాశానికి ఎగిరాడు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టగా దవడ విరిగి నేలకూలాడు. స్పృహలేని బిడ్డను ఒడిలో పెట్టుకొని వాయుదేవుడు ఒక గుహలోకి వెళ్ళిపోయాడు. తన సంచారాన్ని ఉపసంహరించుకొన్నాడు. లోకంలోని ప్రాణులన్నీ ఊపిరాడక తల్లడిల్లాయి. దేవతలు దిక్కుతోచక బ్రహ్మను ఆశ్రయించారు. బ్రహ్మ వచ్చి బిడ్డను నిమిరి బతికించిన తరువాతనే గాలి మళ్ళీ వీచింది. పసిబిడ్డకు అపకారం జరిగితే ప్రకృతి సహించదన్న భావం ఈ కథలో ఉంది.

ఆ కథలో గాలి అలిగి ఆగిపోయింది. నేటి కాలంలో గాలి ఆగలేదు. మనుషులు తనలో కలిపినదాన్నంతా మోసుకొని, తిరిగి వారి ఊపిరితిత్తులలోకే వస్తున్నది. దీనినే వాయు కాలుష్యం అంటున్నారు.

స్వచ్ఛమైన పొడిగాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ప్రాణవాయువు ఉంటాయి. మిగిలిన ఒక్క శాతంలో ఆర్గాన్, బొగ్గుపులుసు వాయువు మొదలైనవి ఇమిడి ఉంటాయి. ఒక మనిషి రోజుకు దాదాపు పదివేల లీటర్ల గాలిని పీలుస్తాడు. వాహనాలు, కర్మాగారాలు, బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు, ఇటుక బట్టీలు, కాల్చిన చెత్త, పొలాలలో తగులబెట్టిన పంట వ్యర్థాలు, గనుల నుండి లేచే దుమ్ము ఈ గాలిలో విషాన్ని కలుపుతున్నాయి. కాలుష్యం పట్టణాలకే పరిమితమన్న అభిప్రాయం సరైనది కాదు. పల్లెలో కట్టెల పొయ్యి ముందు కూర్చొని, కళ్ళ నీళ్ళు తుడుచుకొంటూ వంట చేసే తల్లి పీల్చే పొగ కూడా వాయు కాలుష్యమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం ఎన్నో ఇళ్ళలో వంటగ్యాసును ప్రవేశపెట్టాయి. అయినా సిలిండరు కొనలేని నెలలలో పేద ఇంటివారు మళ్ళీ కట్టెలనే ఆశ్రయిస్తున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రమాణాలను 2021లో సవరించింది. ప్రపంచ జనాభాలో 99 శాతం మంది ఆ ప్రమాణాలకు మించి మలినమైన గాలినే పీలుస్తున్నారని 2022లో ప్రకటించింది. ఇంటిలోపలి, వెలుపలి కాలుష్యాల వల్ల ఏటా దాదాపు 70 లక్షల అకాల మరణాలు సంభవిస్తున్నాయని ఆ సంస్థ అంచనా.

వాయు కాలుష్యం అనగానే లోకానికి పెద్ద దుర్ఘటనలే గుర్తుకు వస్తాయి. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత భోపాల్‌లో వెలువడిన విషవాయువు నిద్రిస్తున్న వేలమందిని బలిగొన్నది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది మరణించారు. ఇటువంటి ఘోరాలు పత్రికలకెక్కుతాయి, విచారణలు జరుగుతాయి, నష్టపరిహారాలు ప్రకటిస్తారు. కాని ఏ శబ్దమూ చేయకుండా, ఏ వాసనా లేకుండా, పది పదిహేనేళ్ళ పాటు కొద్దికొద్దిగా ప్రాణం తీసే కాలుష్యం మరొకటి ఉంది. దానిని అర్థం చేసుకోవడానికి పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి వెళ్ళాలి.

నల్లమల కొండల తూర్పు పక్కన మార్కాపురం, కంభం, గిద్దలూరు ఉన్నాయి. ఒకప్పుడు ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. విజయనగర రాజుల కాలం నాటి కంభం చెరువు, మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయం ఈ సీమ ప్రాచీన వైభవానికి సాక్ష్యాలు. అయితే వర్తమానంలో ఇది వానకు మొహం వాచిన నేల. వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం దశాబ్దాల తరబడి ఎదురుచూసిన నేల. వర్షం లేని ఏట సేద్యం ఉండదు. సేద్యం లేని ఏట కుటుంబాలకు కుటుంబాలే పనులు వెతుక్కొంటూ వలసపోతాయి.

నేలపైన ఏమీ ఇవ్వని ప్రకృతి ఈ ప్రాంతానికి నేల కింద ఒక సంపదను ఇచ్చింది. అదే పలకరాయి. కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న బంకమట్టి, భూగర్భంలోని ఒత్తిడికి, వేడిమికి గట్టిపడి ఈ రాయిగా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాశ్రేణికి కంభం పేరే పెట్టారు. ఉలిని సరైన చోట ఆనించి సుత్తితో కొడితే ఈ రాయి పుస్తకంలోని పుటల వలె పొరలుగా విడిపోతుంది. ఈ గుణం వల్లనే మార్కాపురం పలకల పట్టణంగా ప్రసిద్ధి చెందింది. దేశంలో ఎన్నో ప్రాంతాల పిల్లలు మార్కాపురం పలక మీదనే ఓనమాలు దిద్దారు.

నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతిపలకల వాడకం బాగా తగ్గింది. కాని పరిశ్రమ అంతరించలేదు. ఇళ్ళ గోడలకు, నేలకు అలంకారంగా వాడే రాతి ఫలకాల తయారీ పెరిగింది. అవి విదేశాలకు కూడా ఎగుమతి అవుతున్నాయి. పలక పోయి ఫలకం వచ్చినా రాయి మారలేదు. రాయితోపాటు వచ్చే ధూళి కూడా మారలేదు.

గనిలో రాయిని తవ్వేటప్పుడు దుమ్ము లేస్తుంది. షెడ్డులో పొరలు చీల్చేటప్పుడు, అంచులు సరిచేసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు కూడా లేస్తుంది. చేతి పనిముట్ల స్థానంలో విద్యుత్తుతో తిరిగే రంపాలు వచ్చినప్పుడు పని వేగం పెరిగింది. నీరు వాడకుండా కోసిన చోట్ల ధూళి కూడా అనేక రెట్లు పెరిగింది. బూడిద రంగు దుమ్ము కార్మికుల తల వెంట్రుకల మీద, కనురెప్పల మీద, వారు తెచ్చుకొన్న అన్నం గిన్నెల మీద పేరుకొంటుంది. సాయంత్రం స్నానం చేస్తే ఒంటి మీది దుమ్ము పోతుంది. లోపలికి పోయినది మాత్రం పోదు.

ఇక్కడ ఒక శాస్త్ర విషయాన్ని గమనించాలి. కంటికి కనబడే దుమ్ము అంత ప్రమాదకరం కాదు. దానిని ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ అడ్డుకొంటాయి. తుమ్ము, దగ్గు బయటకు నెట్టివేస్తాయి. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అయిదు మైక్రోమీటర్ల కంటే సన్నని రేణువులు ఈ కాపలాలన్నింటినీ దాటి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా చేరుతాయి. పలకరాతిలో స్ఫటిక రూపంలో ఉండే సిలికా అక్కడ స్థిరపడుతుంది. శరీరాన్ని కాపాడే రక్షక కణాలు ఆ రేణువులను మింగుతాయి. కాని సిలికాను అవి అరిగించుకోలేవు. అవే నశించిపోతాయి. వాటి నుండి విడుదలైన రేణువులను మరికొన్ని కణాలు మింగుతాయి. అవి కూడా నశిస్తాయి. ఈ పోరాటం జరిగిన ప్రతి చోటా ఒక మచ్చ మిగులుతుంది. స్పంజి వలె మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడుతుంది. దీనినే సిలికోసిస్ వ్యాధి అంటారు.

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. సాధారణంగా పదేళ్ళకు పైగా ధూళిలో పనిచేసిన వారిలో ఇది బయటపడుతుంది. ధూళి దట్టంగా ఉన్న చోట అయిదేళ్ళ లోపునే రావచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో పనిలో చేరిన యువకునికి ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం రావచ్చు. కొన్నాళ్ళకు చదునైన నేల మీద నడిచినా ఆయాసమే. చివరకు కూర్చొని అన్నం తినడం కూడా శ్రమ అవుతుంది. పని మానివేసినా వ్యాధి ఆగిపోదు. లోపల చేరిన ధూళి తన పని తాను చేస్తూనే ఉంటుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. రెండింటి లక్షణాలూ ఒకే విధంగా ఉండడం వల్ల సిలికోసిస్‌ను క్షయగా పొరబడడం మరొక విషాదం. రోగి నెలల తరబడి క్షయ మందులు మింగుతాడు. గుణం కనిపించక అప్పులపాలవుతాడు. క్షయ అని వ్రాసిన చీటీ చేతిలో ఉన్నవానికి, తన జబ్బుకు పనే కారణమని చెప్పుకొనే ఆధారం కూడా ఉండదు. సిలికా ధూళి ఊపిరితిత్తుల కాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిర్ధారించింది.

ఇది కొత్తగా కనుగొన్న ప్రమాదం కాదు. 1556లో వెలువడిన తన గనుల గ్రంథంలో జర్మనీకి చెందిన అగ్రికోలా ఒక దారుణ విషయాన్ని నమోదు చేశాడు. కార్పేథియన్ పర్వతాల గనుల ప్రాంతంలో ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు ఉన్నారట. ఆ భర్తలందరూ గని ధూళి వల్ల క్షీణించి మరణించినవారే. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ వృత్తుల వల్ల వచ్చే వ్యాధులపై గ్రంథం వ్రాస్తూ రాతిపనివారి శ్వాసకోశ బాధలను వర్ణించాడు. రోగిని చూసినప్పుడు నీ వృత్తి ఏమిటని అడగాలని వైద్యులకు బోధించినవాడు ఆయనే. ఆ ఒక్క ప్రశ్న అడిగితే నేడు కూడా ఎందరి వ్యాధో సరిగా తెలుస్తుంది.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల తయారీకి ప్రసిద్ధి. అక్కడి బలపాల కార్మికులను జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించినప్పుడు సగానికి పైగా కార్మికులలో సిలికోసిస్ కనిపించింది. ఈ ఫలితాలు 1985లో ప్రచురితమయ్యాయి. పలక ఒక ఊరిలో, బలపం మరొక ఊరిలో తయారైనా రెండింటి కథా ఒక్కటే. ఒక పసివాని చేతిలో అవి కలుసుకొన్నాయి. వాటిని తయారుచేసినవారి ఊపిరి సంగతి ఆ పసివానికి తెలియదు. వాని తల్లిదండ్రులూ ఆలోచించలేదు.

ఇంకొక చేదు నిజం ఉంది. బడికి వెళ్ళవలసిన పిల్లలే ఒకప్పుడు మార్కాపురం పలకల పరిశ్రమలో పనిచేశారు. ఇతరుల చదువుకు పలకలు సిద్ధం చేసిన ఆ చేతులు పలక పట్టి అక్షరం దిద్దలేదు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానాన్ని అనుసరించి దేశంలో బాలకార్మికులు అధికంగా ఉన్న కొన్ని చోట్ల ప్రత్యేక ప్రాజెక్టులను 1988లో ప్రారంభించారు. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మంద్‌సౌర్ పలకల పరిశ్రమలతోపాటు మార్కాపురం పలకల పరిశ్రమను కూడా ఆ తొలి జాబితాలో చేర్చారు. 2016 సవరణ తరువాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను దాదాపు ఏ పనిలోనూ పెట్టకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టకూడదు. పసివయసులో పీల్చిన ధూళి యౌవనంలోనే ప్రాణం తీయగలదని తెలిసిన తరువాత, ఈ చట్టం ఎందుకు అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత హాని ఉన్నప్పుడు పరిశ్రమను మూసివేయరాదా అని దూరాన ఉన్నవారు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ఆ నేలలోనే ఉంది. కరవు ఏడాదిలో పలకల పని కూడా లేకపోతే ఆ కుటుంబాలకు మిగిలేది వలస ఒక్కటే. ఇవాళ పొయ్యి వెలగని ఇంటికి పదిహేనేళ్ళ తరువాత రాబోయే జబ్బును చూపి భయపెట్టడం న్యాయం కాదు. ఆకలి, ఆయాసం అనే రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మని ఏ మనిషినీ అడగరాదు. కావలసినది ధూళి లేని పని.

అది సాధ్యమే. సిలికోసిస్‌ను నయం చేయలేము గాని పూర్తిగా నివారించగలము. రాయిని తడిపి కోస్తే ధూళి గాలిలోకి లేవకముందే అణగిపోతుంది. రంపం పక్కనే గాలిని లాగివేసే గొట్టాన్ని అమర్చితే, లేచిన ధూళి కార్మికుని ముక్కు దాకా రాదు. ముఖానికి కట్టుకొన్న తువ్వాలు సన్నని రేణువులను ఆపలేదు. అందుకు తగిన వడపోత ఉన్న మాస్కు కావాలి. అది కూడా మొదటి రెండు ఉపాయాలకు తోడుగానే తప్ప వాటికి బదులుగా కాదు. ఏడాదికొకసారి ఎక్స్‌రే తీసి, ఊపిరి శక్తిని కొలిచి చూస్తే వ్యాధిని తొలిదశలోనే గుర్తించి ఆ కార్మికుని ధూళి లేని పనికి మార్చవచ్చు.

అయితే నీటితో కోయమనడం చెప్పినంత సులభం కాదు. తాగునీటికే కటకటలాడే చోట రాతికి నీరెక్కడిదన్న ప్రశ్న సహజం. వాడిన నీటిని తొట్టెలలో నిలవచేసి, బురద అడుగున పేరుకొన్న తరువాత పైతేటను మళ్ళీ వాడుకోవచ్చు. ఆ తొట్టె కట్టడానికి, గొట్టం అమర్చడానికి అయ్యే ఖర్చును చిన్న షెడ్డు యజమాని ఒక్కడే భరించలేకపోవచ్చు. అటువంటి చోట పలువురు యజమానులు, ప్రభుత్వం కలిసి ఉమ్మడి ఏర్పాటు చేయాలి. నీటి కరవు, గాలి కాలుష్యం వేర్వేరు సమస్యలుగా కనిపించినా, పలకల షెడ్డులో అవి ఒకటిగా ముడిపడి ఉన్నాయి. ఒక దానిని పరిష్కరించకుండా రెండవదాని పరిష్కారం పూర్తి కాదు.

చట్టాలకు లోటు లేదు. వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలుపవలసిన వృత్తి వ్యాధిగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే గుర్తించింది. కాలుష్యం లేని గాలి, నీరు పొందడం జీవించే హక్కులో భాగమేనని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది కార్మికులు ఉంటేనే ఆనాటి చట్టం దానిని ఫ్యాక్టరీగా లెక్కించింది. నలుగురైదుగురు పనిచేసే రేకుల షెడ్డు ఆ లెక్కలోకి రాలేదు. చట్టం మనుషుల సంఖ్యను చూసింది. ధూళి మాత్రం తలలు లెక్కపెట్టి లోపలికి పోదు. సిలికోసిస్‌ను ప్రపంచం నుండి తొలగించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1995లో సంకల్పించాయి. అందుకు పెట్టుకొన్న గడువు 2030. ఆ గడువు నెరవేరాలంటే మహానగరాల పెద్ద కర్మాగారాలతోపాటు మార్కాపురం వంటి చోట్ల ఉన్న చిన్న షెడ్డులను కూడా చూడాలి.

తెలుగు ఇళ్ళలో అక్షరాభ్యాసం నాడు పలకకు పసుపు కుంకుమలు అద్ది పూజిస్తారు. పలకకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం పిల్లలకు నేర్పుతారు. విద్యను ఇచ్చే వస్తువు పట్ల చూపే ఆ గౌరవం, దానిని తయారుచేసిన మనిషి పట్ల కూడా ఉండడం ధర్మం. చదువుకొన్నవాడు తీర్చుకోవలసిన రుణాలలో ఇది మొదటిది. అతని చదువు ఆ పలక మీదనే మొదలయింది కనుక. రేపు వైద్యుడయ్యే విద్యార్థి ఆయాసపడుతున్న రోగిని వృత్తి ఏమిటని అడిగినా, ఇంజనీరయ్యే విద్యార్థి తక్కువ ఖర్చుతో ధూళిని లాగివేసే యంత్రాన్ని రూపొందించినా, అధికారి అయ్యే విద్యార్థి చిన్న షెడ్డు గడప తొక్కి తనిఖీ చేసినా ఆ రుణం కొంత తీరుతుంది.

పురాణకథలో బిడ్డ కోలుకొన్న తరువాతనే గాలి మళ్ళీ హాయిగా వీచింది. మార్కాపురం షెడ్డులలో పనిచేసే తండ్రి సాయంత్రం ఇంటికి వచ్చి, తన బిడ్డను ఎత్తుకొని, ఆయాసం లేకుండా నాలుగు అడుగులు నడవగలిగిన నాడే అక్కడి గాలి బాగుపడినట్లు.